కలిపే ముందు కొలవండి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాది 1986 పదో తరగతి బ్యాచ్. నెల కింద సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేసి, "నువ్వు ఇంజినీరువు గదా, అందరికి పనికొచ్చేటట్టు ఒక పావుగంట ఏదన్న చెప్పు" అన్నారు. సరేనన్నాను. తర్వాత ఏం చెప్పాలా అని ఆలోచిస్తే, ఈ మధ్య నేను చేసిన ఒక తప్పు తప్ప వేరేది తోచలేదు. ఆ తప్పు మన బడిలో ఇప్పుడు తొమ్మిదో తరగతి చదువుతున్న మా అక్క కొడుకు చేతి మీద మచ్చగా ఉంది. దాన్ని సరిచేయడానికి కావలసిన పాఠం కూడా ఈ బడిలోనే, నలభై ఏళ్ళ కిందట, ముందు వరుసలో కూర్చున్న మా సైన్సు సారు నాకు చెప్పారు. అందుకే ఈ విషయం ఇక్కడే చెప్పాలనిపించింది.

బయట వరండాలో పిల్లల ఎగ్జిబిషన్ బల్ల మీద ఒక చిన్న ఆటల డబ్బా ఉంది, చూసే ఉంటారు. అరచేతికి కొంచెం పెద్దది. చిన్న స్క్రీను, రెండు పక్కలా బటన్లు. లోపల రాస్ప్‌బెర్రీ పై జీరో అనే చిన్న కంప్యూటర్ బోర్డు. మా మేనల్లుడు తయారుచేసింది. చూసినవాళ్ళందరూ స్క్రీనును మెచ్చుకుంటారు, ఆటలను మెచ్చుకుంటారు. వెనక మూత తీసి బ్యాటరీ చూసేవాళ్ళు తక్కువ. నేను మాట్లాడేది ఆ వెనక మూత గురించే.

ముందు కొంచెం పాత సంగతి. మా చిన్నప్పుడు నారాయణఖేడ్‌లో కరెంటు ఉన్న గంటలకంటే లేని గంటలే మాకు గుర్తు. ఇంట్లో ఒక రేడియో, ఒక బ్యాటరీ లైటు ఉండేవి. రేడియోలో హైదరాబాద్ వార్తలు, గుల్బర్గా స్టేషన్ కన్నడ పాటలు. మనది తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ కలిసిన ఊరు గదా, అన్నీ వినేవాళ్ళం. సెల్లులు అయిపోతే కొత్తవి వెంటనే కొనేవాళ్ళు కాదు. మా అమ్మ వాటిని మిద్దె మీద ఎండలో పెట్టేది. సాయంత్రానికి మళ్ళీ ఒక గంట పాడేవి.

ఎండలో పెడితే సెల్లులోకి ఎండ పోతుందని నేను అనుకునేవాణ్ణి. ఎనిమిదో తరగతిలో సారును అడిగాను. సారు నవ్వలేదు. "కొలిచినవా?" అన్నారు. ల్యాబులో ఒక్కటే వోల్టుమీటరు ఉండేది. బీరువాలో పెట్టి తాళం వేసేవారు. అది చేతికి రావాలంటే సారుది ఒక నియమం. ముందు నోటుబుక్కులో అంచనా రాయాలి. మీటరు ఇంత చూపిస్తుందని నువ్వు అనుకుంటున్నావో రాయి, తర్వాత కొలువు, రెండింటికీ తేడా వస్తే ఎందుకొచ్చిందో చెప్పు. నేను ఎండలో పెట్టకముందు కొలిచాను, పెట్టిన తర్వాత కొలిచాను. వోల్టేజి కొద్దిగా పెరిగింది. అప్పుడు సారు చెప్పారు: కాసేపు విశ్రాంతి దొరికినా, వెచ్చబడినా సెల్లు లోపలి రసాయన చర్య కొద్దిగా కోలుకుంటుంది. బయటి నుంచి శక్తి ఏమీ రాలేదు, లోపల మిగిలిన కాస్త బయటికి వచ్చింది, అంతే.

ఆ ఒక్క మాట పట్టుకుని నేను ఇంజినీరింగ్ దాకా పోయాను. ఇరవై ఎనిమిదేళ్ళుగా పటాన్‌చెరు వైపు యూపీఎస్‌లు, బ్యాటరీలు ఉండే పనిలో ఉన్నాను. నా కింద పనిచేసే పిల్లలు ఒక్క సెల్లు కూడా కొలవకుండా ప్యాకులో పెట్టరు. పెడితే నేను ఊరుకోను. ఇంత చెప్పింది ఎందుకంటే, ఆ తర్వాత జరిగింది తెలియక జరిగింది కాదని మీకు అర్థం కావాలి.

కిందటి ఎండాకాలం సెలవుల్లో మా వాడు ఈ డబ్బా మొదలుపెట్టాడు. బోర్డు, స్క్రీను నేనే కోఠిలో గుజరాతీ గల్లీ నుంచి తెచ్చి ఇచ్చాను. బ్యాటరీ మాత్రం వాడే సంపాదించాడు. పాడైన ల్యాప్‌టాప్ బ్యాటరీ ఒకటి ఎవరో పారేస్తే, స్క్రూడ్రైవరుతో పగలగొట్టి అందులోంచి ఆరు లిథియం సెల్లులు తీశాడు. వాటిని 18650 అంటారు. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు, పేరులోనే కొలత ఉంది. ఒకదాన్ని చిన్న ఛార్జింగ్ బోర్డుతో ఛార్జి చేసి డబ్బాకు పెడితే గంటంబావు ఆట వచ్చింది. వాడికి చాలలేదు.

ఒక ఆదివారం సాయంత్రం ఫోన్ చేశాడు. నేను ఒక పెళ్ళి విందులో ఉన్నాను.

"మామా, ఒక్క సెల్లుతోని ఎక్కువసేపు వస్తలేదు. రెండోది గూడ పెడుదామనుకుంటున్న. ఎట్ల కలపాలె?"

"పారలల్‌ల పెట్టు. ప్లస్సుకు ప్లస్సు, మైనస్సుకు మైనస్సు. అంతే."

అర నిమిషం కూడా మాట్లాడలేదు. ఎక్కడి సెల్లులని అడగలేదు. రెండూ ఒకే వోల్టేజి మీద ఉన్నాయా అని అడగలేదు. ఏ వైరు వాడుతున్నావని అడగలేదు. నేను చెప్పింది పుస్తకం ప్రకారం తప్పు కాదు. వాడి ముందున్న ఆ రెండు సెల్లుల విషయంలో మాత్రం తప్పు.

పదిహేను, ఇరవై నిమిషాలకు అక్క ఫోన్ చేసింది. వెనక అరుపులు వినబడుతున్నాయి. వాడు మంచం మీద కూర్చుని సెల్లులు కలిపాడు. వైరు వేడెక్కింది. వదిలేలోపే పైతొడుగు కరిగింది, ఉత్త తీగలు ఒకదానికొకటి తగిలాయి. ఒక సెల్లు బుస్సుమని పొగ కక్కింది, తర్వాత మంట. దుప్పటి అంటుకుంది. వాడు చేత్తో తోసేయబోయి రెండు వేళ్ళు, అరచేయి కాల్చుకున్నాడు. అక్క వంటింట్లోంచి పట్టకారు తెచ్చి ఆ సెల్లును పట్టుకుని వాకిట్లో ఇసుక కుప్ప మీద పడేసింది, దుప్పటి మీద బిందెడు నీళ్ళు పోసింది. ఇల్లు నిలిచింది.

రాత్రి పదకొండున్నరకు నేను నారాయణఖేడ్ చేరాను. వాడు చేతికి మందు రాసుకుని పడుకున్నాడు. అక్క నన్ను తిట్టలేదు. "తమ్మీ, నువ్వు చెప్పినట్టే చేసిండు గదరా" అన్నది. అంతే. దానికి నా దగ్గర జవాబు లేదు.

తెల్లారి వాకిట్లో కూర్చుని నేను, వాడు లెక్క వేశాం. మొదటి సెల్లు నిండుగా ఛార్జి అయింది, అంటే సుమారు 4.15 వోల్టులు. రెండోది ల్యాప్‌టాప్ ప్యాకులోంచి తీసినదే తీసినట్టు పెట్టాడు. మిగిలిన నాలుగింటినీ కొలిస్తే 2.6 నుంచి 3.1 వరకు ఉన్నాయి, కాబట్టి అదీ 3 వోల్టుల చుట్టూ ఉండి ఉంటుంది. తేడా 1.15 వోల్టులు. పాత సెల్లుల లోపలి నిరోధం ఒక్కోదానికి 0.06 ఓములు అనుకుందాం, రెండింటికీ కలిపి 0.12. 1.15ని 0.12తో భాగిస్తే దాదాపు పది ఆంపియర్లు. వాడు వాడింది రిబ్బన్ కేబుల్ లోంచి చీల్చిన సన్నపోగు. అది ఒక ఆంపియరు మోయడానికి చేసింది.

మన దిక్కు మాటల్లో చెబుతాను. రెండు కుంటలు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి అలుగు దుంకుతోంది, ఒకటి ఎండిపోయింది. నడుమ కట్టకు గండి కొడితే ఏమవుతుంది? నీళ్ళు కొట్టుకొస్తాయి, గండి పెద్దదవుతుంది, కట్ట పోతుంది. రెండు కుంటల్లోనూ నీళ్ళు ఒకే మట్టంలో ఉంటే గండి కొట్టినా నీళ్ళు కదలవు. పారలల్ అంటే అదే. రెండు సెల్లుల వోల్టేజి సమానంగా ఉంటేనే వాటిని కలపాలి. తేడా 0.05 వోల్టులు మించితే నేను ఫ్యాక్టరీలో ఒప్పుకోను.

పొడుగు తీగలు తగిలిన తర్వాత సంగతి వేరు. అప్పుడు మధ్యలో అడ్డమేమీ లేదు. 4 వోల్టులను 0.06తో భాగించండి, అరవై ఆంపియర్లు దాటుతుంది. లిథియం సెల్లు లోపల ప్లస్సునూ మైనస్సునూ వేరుచేసేది చాలా పలచటి ప్లాస్టిక్ పొర. చుట్టూ ఉన్న ద్రవం మండే ద్రవం. వేడికి ఆ పొర పోతే ఇక బయటి వైరు తీసేసినా సెల్లు తనంతట తానే మండుతుంది. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మంటలు లేచి, పైనున్న లాడ్జిలోకి పొగ చేరి ఎనిమిది మంది చనిపోయారు. అక్కడ ఉన్నవి పెద్ద ప్యాకులు. మా ఇంట్లో మండింది 45 గ్రాముల ఒక్క సెల్లు. గుణం మాత్రం రెండింటిదీ ఒక్కటే.

ఇదంతా విని లిథియం చెడ్డదని అనుకోకండి. సోనీ కంపెనీ 1991లో లిథియం అయాన్ సెల్లును మార్కెట్లోకి తెచ్చింది. మన జేబుల్లో ఫోన్లు ఉన్నాయంటే దాని పుణ్యమే. దాన్ని కనుక్కున్నందుకు గుడ్‌ఎనఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురికి 2019లో నోబెల్ వచ్చింది. అప్పటికి గుడ్‌ఎనఫ్‌గారికి 97 ఏళ్ళు. మన దగ్గర కూడా ఈ పని సాగుతోంది. 1985లో గల్లా రామచంద్ర నాయుడుగారు తిరుపతి దగ్గర మొదలుపెట్టిన అమర రాజా సంస్థ, 2023లో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం బ్యాటరీల ఫ్యాక్టరీకి పునాది వేసింది. రేపు ఈ బడి పిల్లలు కొందరు అక్కడ ఉద్యోగం చేయవచ్చు. కాబట్టి భయపడి దూరం పోవద్దు. తెలిసి దగ్గరికి పోవాలి.

తెలిసి పోవడం ఎట్లా? మేనల్లుడి చేయి మానిన తర్వాత వాడూ నేనూ మొదటి నుంచి మొదలుపెట్టాం. ఈసారి సారు పద్ధతి. ముందు అంచనా, తర్వాత కొలత, ఆ తర్వాతే వైరు.

మొదటి ప్రశ్న: ఈ డబ్బా ఎంత తాగుతుంది? బ్యాటరీ కొనేముందు అందరూ బ్యాటరీ గురించే ఆలోచిస్తారు. ముందు అడగాల్సింది డబ్బాను. యూఎస్‌బీ తీగ మధ్యలో పెట్టే చిన్న మీటరు దొరుకుతుంది. దానితో కొలిస్తే ఆట నడిచేటప్పుడు 5 వోల్టుల దగ్గర 0.7 ఆంపియర్లు. గుణిస్తే 3.5 వాట్లు.

రెండో ప్రశ్న: ఎంతసేపు ఆడాలి? వాడు నాలుగు గంటలన్నాడు. 3.5ని 4తో గుణిస్తే 14 వాట్ అవర్లు. లిథియం సెల్లు 3.6 వోల్టులది, డబ్బాకు 5 కావాలి కాబట్టి మధ్యలో వోల్టేజి పెంచే బూస్ట్ కన్వర్టర్ ఉండాలి. అది తన కూలి తాను తీసుకుంటుంది, నూటికి పదిహేను. అంటే 16.5. సెల్లును చివరి బొట్టు దాకా పిండకుండా అయిదో వంతు మిగిలిస్తే సుమారు 20.6. ఇక ఒక మంచి కంపెనీ 3,000 ఎంఏహెచ్ సెల్లులో 3.6 ఇంటూ 3, అంటే 10.8 వాట్ అవర్లు ఉంటాయి. రెండు పెడితే 21.6. లెక్క కుదిరింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఆన్‌లైన్‌లో 9,900 ఎంఏహెచ్ అని రాసిన 18650లు చవగ్గా దొరుకుతాయి. నమ్మకండి. ఈ సైజులో పేరున్న కంపెనీలు అమ్మేవి ఎక్కువగా 2,000 నుంచి 3,500 లోపే. చేతికి వస్తే తూకం వేయండి. అసలుది 45 గ్రాముల దగ్గర తూగుతుంది. ముప్పై గ్రాములే ఉంటే లోపల సరుకు తక్కువని అర్థం. బీఐఎస్ రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడండి.

మూడో ప్రశ్న: రెండు సెల్లులను ఎట్లా కలపాలి? వరుసగా, అంటే సిరీస్‌లో పెడితే వోల్టేజి రెట్టింపవుతుంది, 7.2. అప్పుడు దాన్ని 5కు దించాలి. పైగా రెండు సెల్లులూ సమానంగా ఛార్జి అవుతున్నాయో లేదో చూసే బోర్డు కావాలి. ఒకటి ముందే నిండిపోతే 4.2 దాటిపోతుంది, అది ప్రమాదం. పారలల్‌లో పెడితే వోల్టేజి ఒక్క సెల్లుదే, సామర్థ్యం రెండింటిది. ఇంత చిన్న డబ్బాకు అదే సుఖం. కానీ రెండూ ఒకే కంపెనీవి, ఒకే రకం, ఒకే రోజు కొన్న కొత్తవి కావాలి. కలిపే ముందు రెండింటి వోల్టేజి కొలవాలి. ఒక్కో సెల్లుకు ఒక్కో ఫ్యూజు. పని చివర్లో సెల్లు 3.2కు దిగినప్పుడు లాగేది 1.3 ఆంపియర్లు, కాబట్టి 3 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. వైరు 0.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గకూడదు. సెల్లు మీద నేరుగా సోల్డరింగ్ ఐరన్ పెట్టకూడదు, ఆ వేడి లోపలి పొరకు చేటు. నికెల్ పట్టీ స్పాట్ వెల్డింగ్ చేసి, ప్రొటెక్షన్ బోర్డుతో సహా ప్యాకుగా అమ్ముతారు. అదే కొనండి.

నాలుగోది ఛార్జింగ్. మనవాళ్ళు ఎక్కువగా వాడే టీపీ4056 ఛార్జింగ్ చిప్ మంచిదే. సెల్లు 4.2కు చేరిన తర్వాత, లోపలికి పోయే కరెంటు పదో వంతుకు తగ్గితే "నిండింది" అని ఆపేస్తుంది. అదే సమయంలో మీరు ఆట ఆడుతుంటే? డబ్బా తాగే కరెంటు కూడా దాని గుండానే పోతుంది. కరెంటు తగ్గదు, అది ఆపదు, సెల్లు గంటల తరబడి 4.2 మీదే ఉండిపోతుంది. కాబట్టి ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు ఆట బంద్. లేదా రెండు దార్లూ వేరుచేసే బోర్డు వాడాలి. పిల్లలు రాత్రి దిండు కింద పెట్టి ఛార్జి చేయడం అసలే కూడదు.

ఇంత లెక్క వేసి, కొత్త సెల్లుల జాబితా రాసి, నేను సంతోషంగా అక్కకు చూపించాను. అక్క ఒక్క మాటంది. "ఆ సెల్లు నా ఇంట్ల మళ్ళ పెట్టద్దు. పెట్టె లోపట ఛార్జింగ్ పెట్టద్దు. గిది ఒప్పుకుంటెనే ఆట."

నేను వాదించబోయాను. లెక్క ప్రకారం ఏ ప్రమాదమూ లేదు. మా వాడు నా వైపు చూసి అన్నాడు: "మామా, అమ్మ షరతు గూడ లెక్కలనే రాసుకో."

నిజమే. ఎవరి ఇంట్లో పెడతామో, ఎవరి చేతిలో ఉంటుందో అది కూడా ఎంపికలో ఒక కొలతే. అప్పుడు మళ్ళీ మొదటి నుంచి వెతికాం.

మామూలు పెన్సిల్ సెల్లులు చూశాం. రిమోటులో వేసే చవక జింకు సెల్లులు ఇంత కరెంటు ఇవ్వలేవు, డబ్బా ఆన్ కాగానే వోల్టేజి కూలిపోతుంది. ఆల్కలైన్ అయితే నడుస్తుంది కానీ ఆడిన ప్రతిసారీ కొత్తవి కొనాలి. ఎమర్జెన్సీ లైటులో ఉండే 6 వోల్టుల లెడ్ బ్యాటరీ డబ్బాకంటే బరువు. పవర్ బ్యాంకు బాగానే ఉంటుంది, రక్షణలన్నీ లోపలే ఉంటాయి. కానీ అదీ లిథియమే, అక్క ఒప్పుకోదు. చివరికి మిగిలింది నికెల్ మెటల్ హైడ్రైడ్. పెన్సిల్ సెల్లు ఆకారమే, మళ్ళీ మళ్ళీ ఛార్జి చేయవచ్చు. ఒక్కోటి 1.2 వోల్టులు, 2,000 ఎంఏహెచ్. బయటికి తీసి దాని ఛార్జరులో ఛార్జి చేయాలి. లిథియంలాగా మండే గుణం దీనికి లేదు. షార్టు చేస్తే ఇదీ వైరును కాలుస్తుంది, కాబట్టి ఫ్యూజు తప్పదు.

నాలుగు సెల్లులు పెడదామని వాడన్నాడు, 4.8 వోల్టులు వస్తాయని. అంచనా రాసి కొలవమన్నాను. ఛార్జరులోంచి అప్పుడే తీసిన నాలుగూ కలిసి 5.6 చూపించాయి. బూస్ట్ కన్వర్టర్ పెంచగలదు కానీ దించలేదు. ఆ 5.6లో కొద్దిగా తగ్గి మిగిలినదంతా బోర్డు మీదికే పోతుంది. బోర్డు 5.25 దాటితే ఓర్చుకోదు. అందుకని మూడే పెట్టాం. మూడు ఇంటూ 1.2, 3.6 వోల్టులు. అంటే ఒక లిథియం సెల్లుతో సమానం. నిండుగా ఉన్నప్పుడు 4.2, అయిపోయేటప్పటికి 3. ఉన్న కన్వర్టరే సరిపోయింది. ఈ మాట వాడే కనిపెట్టాడు, నేను కాదు.

ఇక ఎంతసేపు వస్తుంది? 3.6 ఇంటూ 2, 7.2 వాట్ అవర్లు. కన్వర్టర్ కూలి పోగా 6.1. దాన్ని 3.5తో భాగిస్తే గంటా నలభై అయిదు నిమిషాలు. వాడి ముఖం చిన్నబోయింది.

అప్పుడు వాడికి ఒక పాత కథ చెప్పాను. 1989లో జపాన్‌లో నింటెండో కంపెనీ గేమ్ బాయ్ అనే చేతి ఆటల పెట్టె తెచ్చింది. గుంపెయి యోకోయి అనే ఆయన బృందం చేసింది. నాలుగు పెన్సిల్ సెల్లులు, రంగుల్లేని స్క్రీను, వెనక వెలుతురు కూడా లేదు. మరుసటి ఏడాది సెగా కంపెనీ గేమ్ గేర్ తెచ్చింది. రంగుల స్క్రీను, వెనక దీపం, చూడటానికి ఎంతో బాగుంది. కానీ ఆరు సెల్లులు మూడు నుంచి అయిదు గంటల్లో తాగేసేది. గేమ్ బాయ్ నాలుగు సెల్లులతోనే పది గంటలకు పైగా నడిచేది. దాని రంగుల రూపంతో కలిపి 11 కోట్లకు పైగా అమ్ముడుపోయాయి. అందులో చవక ధర, మంచి ఆటలు కూడా ఉన్నాయి, ఒక్క బ్యాటరీయే కారణం అనను. అయినా పెద్ద బ్యాటరీ వెతికే ముందు దాహం తగ్గించుకోవచ్చని ఆ పెట్టె చూపించింది.

మా వాడు రెండు రోజులు కూర్చున్నాడు. స్క్రీను వెలుతురు సగానికి తగ్గించాడు. వైఫై ఆపేశాడు. మళ్ళీ కొలిస్తే 0.7 ఆంపియర్లు 0.5కు దిగింది, అంటే 2.5 వాట్లు. 6.1ని 2.5తో భాగిస్తే రెండు గంటల ఇరవై ఆరు నిమిషాలని నోటుబుక్కులో రాశాడు. గడియారం పెట్టి నడిపిస్తే రెండు గంటల పద్దెనిమిది నిమిషాలు వచ్చింది. తేడా ఎనిమిది నిమిషాలు ఎందుకొచ్చిందో కారణం కూడా రాశాడు: సెల్లుల మీద రాసిన 2,000 పూర్తిగా 2,000 కాదు. సారూ, ఆ నోటుబుక్కు తెచ్చాను. సభ అయిన తర్వాత మీరు చూసి సంతకం పెట్టాలని వాడి కోరిక.

నాలుగు గంటలు రాలేదు. వాడికిప్పుడు ఆ బాధ లేదు. రెండు గంటలకు డబ్బా దానంతటదే ఆగిపోతే చదువుకుంటాడని అక్క ఇంకా సంతోషంగా ఉంది.

ఉపాధ్యాయ మిత్రులకు రెండు ముక్కలు. పిల్లలు ఇప్పుడు ఇలాంటివి చేస్తూనే ఉంటారు, ఆపలేము, ఆపకూడదు కూడా. పాత ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు విప్పి సెల్లులు తీస్తే మాత్రం ఆపండి. ఉబ్బిన సెల్లు, పగిలిన సెల్లు, 2.5 వోల్టులకంటే కిందికి పోయిన లిథియం సెల్లు మళ్ళీ ఛార్జి చేయకూడదు. రెండు చివరలకూ టేపు చుట్టి పక్కన పెట్టాలి, మున్సిపాలిటీ చెత్తబండిలో వేయకూడదు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు వెనక్కి తీసుకునే బాధ్యత తయారుచేసిన కంపెనీలది.

ఒకవేళ మంట వస్తే, ముందు పిల్లలను గదిలోంచి బయటికి పంపండి. ఆ పొగ విషం, పీల్చకూడదు. చేత్తో ముట్టుకోవద్దు. గోడ స్విచ్చు ఆపేసిన తర్వాత చిన్న ప్యాకు మీద ధారాళంగా నీళ్ళు పోయండి. ఇసుక మంటను అదుముతుంది కానీ లోపలి వేడిని తీయదు. మా వాకిట్లో ఇసుకలో పడిన సెల్లు అరగంట తర్వాత కూడా పొగలు కక్కిందని అక్క చెప్పింది.

పూర్వ విద్యార్థులకు ఒక మాట. మనలో చాలామంది ఊరికి దూరంగా ఉంటాం. ఇక్కడి పిల్లలు ఫోన్ చేసి ఏదో ఒకటి అడుగుతుంటారు. ఏ కోర్సు చేరాలి, ఏ కంప్యూటర్ కొనాలి, ఏ వైరు కలపాలి. మనం పెద్దవాళ్ళం, తెలిసినవాళ్ళం, అర నిమిషంలో చెప్పేస్తాం. మన మాట మీద నమ్మకంతో వాళ్ళు అట్లాగే చేస్తారు. జవాబు చెప్పే ముందు మూడు ప్రశ్నలు అడగండి. తీరిక లేకపోతే "రేపు ఫోన్ చేస్త, అప్పటిదాక ముట్టుకోకు" అనండి. ఆ రోజు పెళ్ళిలో నేను ఆ ఒక్క ముక్క అని ఉంటే చాలు.

సారూ, మీరు "కొలిచినవా?" అని అడిగేవారు. ఆ రోజు నేను వాణ్ణి ఆ మాట అడగలేదు. నలభై ఏళ్ళు మీ పేరు చెప్పుకుని బతికి, అడగాల్సిన రోజు మరిచిపోయాను. ఇది మీ ముందు ఒప్పుకోవాలనే వచ్చాను.

చివరగా, మా 1986 బ్యాచ్ తరఫున బడి ల్యాబుకు పది మల్టీమీటర్లు, నాలుగు సెల్లు ఛార్జర్లు, ఫ్యూజుల డబ్బా ఒకటి ఇస్తున్నాం. హెడ్‌మాస్టరుగారికి ఒక్కటే విన్నపం. వాటిని బీరువాలో పెట్టి తాళం వేయకండి. పిల్లల చేతుల్లో పాడైపోతే మళ్ళీ కొనిస్తాం. మీటరు అడిగిన పిల్లవాడు ముందు అంచనా రాయాలి, అదొక్కటే షరతు.

 వరండాలో మా వాడు డబ్బా మూత తీసి చూపించడానికి సిద్ధంగా ఉన్నాడు. దయచేసి అందరూ ఒకసారి వెనకవైపు కూడా చూడండి.